రింగు చప్పుడు

అమెరికాలోని షాంటిలీ తెలుగు చర్చిలో ఎవరు కొత్త వాచీ పెట్టుకొచ్చినా ముందు జయరాజుకు చూపిస్తారు. వారమంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే అతను, ఆదివారం కోటు జేబులో చిన్న భూతద్దం వేసుకొని వస్తాడు. వాచీ ముట్టుకునే ముందు రుమాలుతో వేళ్లు తుడుచుకుంటాడు. చూస్తున్నంతసేపూ పెదవులు బిగించే ఉంచుతాడు. ఒక ఆదివారం ఆరాధనకు ముందు లెవి అనే కుర్రాడు ఒక పాతకాలపు డైవింగ్ వాచీ అతని చేతిలో పెట్టాడు. తండ్రి వాచీని బీచ్‌లో పోగొట్టి, రిపేర్‌కి ఇచ్చానని చెప్పి, ఆన్‌లైన్‌లో కొన్న నకలు అది.

"ఇవాళ డాడీకి ఇచ్చేస్తా అంకుల్. నకలని ఆయన కనిపెడతారా?"

ఉబ్బెత్తు అద్దాన్ని, పసుపు తిరిగిన అంకెలను, ముళ్ల కొసలను జయరాజు ఒక్కొక్కటిగా చూశాడు. "కంటికైతే దొరకదురా. భలే చేశారు," అన్నాడు మెచ్చుకోలుగా. తరువాత అద్దం చుట్టూ ఉన్న రింగును తిప్పాడు. అది టిక్కుటిక్కుమంటూ ఒకవైపే తిరిగింది.

"పాస్టర్‌గారు వాక్యం మొదలుపెట్టగానే మీ డాడీ రింగు మీది గుర్తును నిమిషాల ముల్లు దగ్గరికి తిప్పి, ఎంతసేపైందో చూసుకుంటాడు. నలభై నిమిషాలు దాటితే దగ్గుతాడు కూడా. పదేళ్లుగా పక్కనే కూర్చుంటున్నా, ఒక్కసారీ ఈ చప్పుడు వినలేదు. పాతది ఎటు తిప్పినా మెత్తగా తిరిగేది."

లెవి వాచీ వెనక్కి తీసుకోలేదు. ముందు వరుసలో ఖాళీ మణికట్టును బొటనవేలితో రుద్దుకుంటున్న తండ్రి దగ్గరికి మెల్లగా నడిచాడు. జయరాజు ఆ రింగును మరోసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.