కార్ల ప్రదక్షిణం

నల్లగొండలో పదేళ్లున్న కిరాయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, సామానంతటిలో నా చేత్తో నేను కట్టుకున్న మూటలు రెండే. ఒకటి నా సర్టిఫికెట్లు, రెండోది నా రోడ్డు. సర్టిఫికెట్ల మూట ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు.

రోడ్డంటే బొమ్మ రోడ్డు. స్లాట్ కార్లు అంటారు. నల్లటి ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే వంపులు తిరిగిన రోడ్డు తయారవుతుంది. దాని మీద సన్నటి గాడి, గాడికి రెండు వైపులా కరెంటు పారే ఇనుప పట్టీలు. అరచేతిలో పట్టేంత కారు, దాని అడుగున చిన్న పుల్ల. పుల్ల గాడిలో కూర్చోబెట్టి, చేతిలోని రిమోట్ మీట నొక్కితే కారు ఉరుకుతుంది. ఎక్కువ నొక్కితే మలుపు దగ్గర ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. ఆట మొత్తం ఇంతే. నలభై దాటినవాడు, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్, దీనికోసం చుట్టాల పెళ్లిళ్లు ఎగ్గొడతాడా అంటే, నేను ఎగ్గొట్టాను. ఎనిమిదేళ్ల కింద హైదరాబాద్‌లో ఎవరో అమ్మకానికి పెడితే పాతవి తెచ్చుకున్నప్పటి నుంచీ నాది అదే తీరు.

రోజూ నల్లగొండ నుంచి చౌటుప్పల్ దాకా బస్సులో వెళ్లి వచ్చి నడుము పడిపోయింది. చివరికి ఫ్యాక్టరీ ఉన్న చౌటుప్పల్‌లోనే చిన్న ఇల్లు కొన్నాం. వెనక గది నాకేనని నా భార్య దగ్గర ముందే మాట తీసుకున్నాను.

"ఇంట్ల రోడ్డేస్తుండట అత్తమ్మా. రేపు మనకు టోల్ గేటు గూడ పెడ్తడు" అని ఆమె మా అమ్మకు చెప్పింది.

అమ్మ నవ్వలేదు. ఇల్లు మారుతున్నామన్నప్పటి నుంచి ఆమె దేనికీ నవ్వడం లేదు.

నల్లగొండలో రోడ్డు విప్పేటప్పుడు ఒక్కో ముక్క వెనక మార్కర్‌తో నంబరు వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. కొత్తింట్లో మూట విప్పితే ముక్కలన్నీ తళతళలాడుతున్నాయి. నంబరు మాత్రం ఒక్కదాని మీదా లేదు. బయలుదేరే ముందు రోజు నేను డ్యూటీలో ఉండగా అమ్మ మూట విప్పి, వాటన్నింటినీ సబ్బు నీళ్లలో నానబెట్టి, పీచుతో తోమి, ఎండలో ఆరబెట్టి మళ్లీ మూట కట్టింది.

"పాతింటి దుమ్ము కొత్తింట్లకు ఎందుకురా?" అంది.

చీపురు అక్కడే వదిలేసి వచ్చింది. నా చెప్పులు కూడా కడిగింది. ఫొటోలు వెతికాను. ఫోన్ నిండా కార్ల ఫొటోలే, రోడ్డు పూర్తిగా పడింది ఒక్కటీ లేదు. పైగా నీళ్లు తగిలి ఇనుప పట్టీలకు తుప్పు పట్టింది.

రెండు ఆదివారాలు శాండ్ పేపర్ పట్టుకుని తుప్పు గీకాను. తర్వాత గుర్తున్నంత మేరకు ముక్కలు కలపడం మొదలుపెట్టాను. నల్లగొండలో రోడ్డు పరిచిన వరండా పొడుగు, ఈ గది చదరం. తలుపు తెరుచుకోవాలంటే మలుపు కుదరదు, మలుపు కుదిరితే నేను బయటికి రాలేను. ఒకసారి అలాగే లోపల ఇరుక్కుంటే టీ గ్లాసు కిటికీలోంచి అందించింది నా భార్య. ఎట్టకేలకు రోడ్డు కలిసింది. ఐదు ముక్కలు మిగిలాయి. వాటిని బియ్యం బస్తా వెనక దాచి, మీట నొక్కాను. కారు ఉరికింది! ఆ చప్పుడుకు అమ్మ వచ్చి గడపలో నిలబడింది. వేలు గాల్లో గుండ్రంగా తిప్పుకుంటూ కాసేపు చూసింది.

"ఆపు. ఎటు తిరుగుతుందిరా అది?"

"ఎటేంది? గుండ్రంగ."

"ఎడమ తిరుగుతుంది. గుడి సుట్టు గట్లనే తిరుగుతవా? గట్ల తిరిగేది కాష్టం సుట్టు."

ఎనిమిదేళ్లలో ఆ సంగతి నాకు తట్టనే లేదు. "నల్లగొండల గూడ గిట్లనే తిరిగింది గదనే" అన్నాను.

"అది కిరాయి ఇల్లు. గిది మన ఇల్లు."

ఇదెంత పని అనుకుని కారు తీసి, ముఖం అటువైపు తిప్పి పెట్టి మీట నొక్కాను. కారు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మళ్లీ ఎడమకే పోయి, మొదటి మలుపులో బోర్లా పడింది.

"మొకం తిప్పినవు గని నడక మారలే" అంది అమ్మ.

కారును తిప్పితే దానికందే కరెంటు కూడా తిరగబడుతుందని, ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివిన నాకు గంట తర్వాత వెలిగింది. కరెంటు డబ్బా దగ్గర రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మారిస్తే సరిపోయింది. కారు కుడివైపు తిరిగింది. కానీ నా వేలికి అలవాటైనవన్నీ ఎడమ మలుపులే. రెండు చుట్లకోసారి కారు ఎగిరి పడుతోంది.

పడటం కూడా అమ్మకు నచ్చలేదు. "శుక్రవారం దీపం పెట్టినంక పదకొండు సుట్లు తిప్పు. నడుమ పడొద్దు. పడితే సజ్జ మీదికే. అప్పటిదాక ముట్టకు" అని తీర్పు చెప్పేసింది. మా ఇంట్లో సజ్జ ఎక్కిన వస్తువు మళ్లీ ఇల్లు మారితే తప్ప దిగదు. ఇక మేం ఇల్లు మారేది లేదు. మూడు రోజులు నాకు అన్నం సరిగా సహించలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకున్న సంతోషం అదొక్కటే.

శుక్రవారం పొద్దున తలస్నానం చేసి రోడ్డు ముందు కూర్చున్నాను. అమ్మ కారుకు బొట్టు పెట్టింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టబోతే కాయ కారుకన్నా ఎత్తుగా ఉంది. నా భార్య దాన్ని కోసి, గింజ ఒకటి తీసి పెట్టింది. కారు గింజ దాటింది. ఆరు చుట్లు సాఫీగా అయ్యాయి. ఏడో చుట్టులో నా పాడు వేలు ఆగలేదు. కారు లేచిపోయి బియ్యం బస్తా మీద వెల్లకిలా పడింది.

"అయిపాయె" అంది అమ్మ. నా భార్య అప్పటికే సజ్జ కింద స్టూల్ వేసింది.

నాకు ఒళ్లు మండింది. "బొమ్మ కారమ్మా అది! బొమ్మ కారుకు అపశకునమేంది? నీ చాదస్తంతోని పానం తీస్తున్నవు!" అని అరిచాను.

ఆమె తిరిగి అరవలేదు. "ఆ ఇంట్లకు వచ్చిన యాడాదే మీ బాపు పోయిండు" అంది.

"షుగర్‌తోని పోయిండు. అప్పటికి ఈ కార్లు గూడ లేవు."

"నాకెరుక లేదా? అయినా అప్పుడు నేను ఏం మరిచిపోయిన్నో అని పదేండ్ల సంది ఎతుకుతనే ఉన్న బిడ్డా. ఈ ఇంట్ల ఏదీ మరువొద్దని."

చెప్పులు ఎందుకు కడిగిందో అప్పుడు అర్థమైంది. కారు తెచ్చి గాడిలో పెట్టి, రిమోట్ ఆమె చేతిలో పెట్టాను.

"నాకేం వస్తదిరా?"

"అన్నం ఉడికిందా అని మెతుకు పట్టి సూస్తవు సూడు. గట్ల ఒత్తు, సాలు."

అలాగే ఒత్తింది. కారు కదిలింది. చిట్యాలలో చేయి ఎత్తిన ప్రతివాడి కోసం ఆగే మా చౌటుప్పల్ బస్సులాగా, ప్రతి మలుపు దగ్గరా ఆలోచించుకుని మరీ తిరిగింది. నా భార్య పైకి లెక్క పెట్టింది. నేను అమ్మ పక్కన కింద కూర్చున్నాను. ఏడు దాటింది. తొమ్మిది దాటింది. కారు ఒక్కసారి కూడా తూలలేదు.

"పదకొండైనయి అత్తమ్మా" అని నా భార్య స్టూల్ తీసి పక్కన పెట్టింది.

అమ్మ వేలు తీయలేదు. కారు మీంచి చూపు కూడా తిప్పలేదు. "అవి ఇంటికి. గివి వీనికి" అని మోచేత్తో నన్ను తట్టింది.

ఇరవై రెండో చుట్టు అయ్యేదాకా రిమోట్ నా చేతికి రాలేదు. నేనూ అడగలేదు.