ఈతకొలను కాపలా

నలభై దాటిన ఆడమనిషి ఈత నేర్చుకుంటానంటే నవ్వని వాళ్ళెవరు? ఇరుగుపొరుగు నవ్వారు. "ఈ వయసులో నీకిదేం పోయేకాలమే!" అని సొంత అక్కే బుగ్గలు నొక్కుకుంది. ఆమె లెక్కచేయలేదు. ఒక్కగానొక్క కొడుకు ఇలాంటి ఈతకొలనులోనే మునిగి చనిపోయాడు. ఇంకో తల్లికి ఆ కడుపుకోత రాకూడదు, తను లైఫ్‌గార్డ్ అయి తీరాలి. అంతే.

ఆ రోజు పిల్లవాణ్ణి కొలనుకు తీసుకెళ్ళింది అత్తగారు. గట్టు మీదే కూర్చుంది. "నాకేం వినపడలేదమ్మా" అని నెత్తీనోరూ కొట్టుకుని ఏడ్చింది పాపం. "పక్కనే ఉండి వినపడకపోవడమేంటి? మీ చెవులేం కాకులెత్తుకెళ్ళాయా?" అని కోడలు అన్నదే ఆఖరి మాట. ఆ తర్వాత ఒకే వంటింట్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహం. అత్తగారికి కంచం పెడుతుంది, వడ్డిస్తుంది, నోరు మాత్రం విప్పదు. మొగుడు నచ్చజెప్పి నచ్చజెప్పి అలిసిపోయాడు.

శిక్షణలో ఆమె పడ్డ పాట్లు చెప్పుకుంటే తరగవు. నీళ్ళు మింగి మింగి కక్కుకుంది. అడుగున వేసిన ఇటుక పైకి తెమ్మంటే, ఇటుకకు తోడు తనూ అక్కడే ఉండిపోయేలా ఉందని కోచ్ విసుక్కున్నాడు. పట్టు వదిలితేగా!

పరీక్ష నాటి ఉదయం కోచ్ ఆఖరి పాఠం చెప్పాడు. "అరుపు వినపడితే దూకుదాంలే అని కూర్చున్నారో, మీ పని అయిపోయినట్టే. మునిగేవాళ్ళు అరవరు. ఊపిరి తీసుకోవడానికే సందు దొరకదు, ఇంక అరుపెక్కడిది? పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదు. అందుకే కళ్ళు తిప్పకండి."

ఆమె లేచి నిలబడింది. "ఒక్కసారైనా... అమ్మా అనో, నానమ్మా అనో?"

"అనలేరమ్మా," అన్నాడు కోచ్.

మధ్యాహ్నం పరీక్షలో ఇటుక పైకి తెచ్చింది, మునిగినట్టు నటించిన మనిషిని గట్టుకు లాక్కొచ్చింది, గుండె ఆగినవాళ్ళకి చేసినట్టు బొమ్మ ఛాతీని నొక్కింది. నెగ్గింది. అందరూ చప్పట్లు కొడుతుంటే సర్టిఫికెట్ సంచిలో కుక్కి, తడి జుట్టుతోనే ఇంటికి పరుగెత్తింది.

అత్తగారు వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. కోడలు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది.

"అత్తయ్యా! వాడు అరవలేదు అత్తయ్యా. మునిగేవాళ్ళు అరవలేరట. మీకే కాదు, ఎవరికీ వినపడదట. పాపిష్టి నోరు నాది, క్షమించండి."

కోడలు తనతోనే మాట్లాడుతోందని తెలియడానికి ముసలావిడకు కాసేపు పట్టింది. ఆ తడి తల మీద చెయ్యి వేసింది.

"నిజంగానా అమ్మా?" అంది. "నాకు చెవుడొచ్చిందనుకుని, ఇన్నాళ్ళూ ఎవరి పిల్లల్నీ దగ్గరికి రానివ్వలేదమ్మా."