పద్నాలుగు ఫ్యాకల్టీల దైవాశీర్వాదం గారు

దైవాశీర్వాదం గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడ ఏ మాట నడుస్తున్నా, తాను చదువుకున్న పోలండ్ యూనివర్సిటీ గురించి ఆమూలాగ్రం చెప్పకుండా ఉండలేరు. స్కాలర్‌షిప్ మీద వెళ్ళి కెమిస్ట్రీలో డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి. ఇప్పుడు డెట్రాయిట్‌లో కార్ల రంగులు పరీక్షిస్తున్నారు. ఆ ఊరి పక్కనే ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళలో ఇంకెవరూ పోలండ్ మొహం చూడలేదు. అయినా అక్కడి లైబ్రరీలో ఏ అంతస్తులో ఏ పుస్తకాలుంటాయో పిల్లలు సైతం చెప్పగలరు.

"పులిహోరలో ఉప్పు తగ్గినట్టుంది" అని రాధాకృష్ణ భార్య విద్య అంటే చాలు.

"మా యూనివర్సిటీ మెస్‌లోనూ అంతేనమ్మా. ముప్పై వేలమంది స్టూడెంట్లు, పద్నాలుగు ఫ్యాకల్టీలు, అంటే విభాగాలు..."

"అన్నయ్యగారూ, స్టవ్ మీద పాలు!" అంటూ విద్య పరుగెత్తేది. స్టవ్ వెలిగించి ఉండేది కాదు.

అందరికన్నా విసిగిపోయినవాడు శ్యామ్‌సుందర్. ఐ-96 హైవే ఎక్కడం ఎలాగని అడిగిన పాపానికి, లా ఫ్యాకల్టీ చరిత్ర మొత్తం నిలబడి విన్నాడు.

1980లో ఒక శనివారం మధ్యాహ్నం రాధాకృష్ణ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. శ్యామ్ ఉద్యోగం పోయి అప్పటికి తొమ్మిది రోజులు. భార్య ఉషకి ఏడో నెల. ఆమెకు చెప్పే ధైర్యం లేక రోజూ టై కట్టుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని బయలుదేరుతున్నాడు. ఇవాళ ఎలాగైనా చెప్పేయాలి అనుకుంటూనే వచ్చాడు.

రాధాకృష్ణది శ్యామ్ పనిచేసిన కంపెనీలోనే వేరే ప్లాంట్. మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. నట్టింట్లో నిలబడి, "శ్యామ్! మీ ప్లాంట్‌లో డిజైన్ గ్రూప్ మొత్తాన్నీ లే-ఆఫ్ చేశారటగా! మరి నీ సంగతి..." అన్నాడు.

ఉష శ్యామ్ వైపు తల తిప్పింది. శ్యామ్ కొరికిన గారెని పళ్ళెంలో పెట్టేశాడు.

"లే-ఆఫ్ అంటే గుర్తొచ్చింది," అంటూ దైవాశీర్వాదం గారు శ్యామ్‌కీ రాధాకృష్ణకీ మధ్యకొచ్చి నిలబడ్డారు. "మా యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ని తీసెయ్యాలంటే పద్నాలుగు ఫ్యాకల్టీలూ సమావేశం కావాలి. ఒక్కొక్కటే చెప్తాను."

రెండో ఫ్యాకల్టీకి సగంమంది బేస్‌మెంట్‌లోకి దిగారు. ఆయన భార్య లూసీ ఉషని వంటింట్లోకి తీసుకెళ్ళింది. నాలుగో ఫ్యాకల్టీకి మిగిలినవాళ్ళతో పాటు రాధాకృష్ణ తన ఇల్లు తానే వదిలేసి పెరట్లోకి పోయాడు.

దైవాశీర్వాదం గారు టక్కున ఆపారు. "పోయారా?"

"పోయారండీ," అన్నాడు శ్యామ్.

"మంగళవారం నిన్ను పబ్లిక్ లైబ్రరీలో చూశానయ్యా. టై కట్టుకుని పేపర్లో ఉద్యోగాల పేజీ చదువుతున్నావు. అమ్మాయికి చెప్పలేదు కదూ?"

శ్యామ్ తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈయన్ని తప్పించుకు తిరిగినందుకు సిగ్గేసింది.

"ఆ మాట ఉష నీ నోటి నుంచే వినాలి. కార్‌లో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పు. రాధాకృష్ణ సంగతి నేను చూసుకుంటాను. ఇంకా పది ఫ్యాకల్టీలున్నాయి."

"నిజంగా పద్నాలుగు ఉన్నాయాండీ?"

"నేను చదివేటప్పుడు ఆరే. ఇక్కడ మనవాళ్ళ కష్టాలు పెరిగాయి. ఆరింటితో ఎక్కడ సరిపెట్టను?" అని ఆయన పెరట్లోకి నడిచారు.

ఆయన రావడం చూసి రాధాకృష్ణ ఫెన్స్ వైపు పరుగెత్తాడు. తొమ్మిది రోజుల తర్వాత శ్యామ్‌కి మొదటిసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆరకముందే వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "ఉషా, ఒక్కసారి కార్ దగ్గరికి వస్తావా? నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.