నలభై సెకన్ల రాకాసి

ఆ రోజుల్లో, అంటే ఇంటర్ అయిపోయి నేను డైరీతో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజుల్లో, నాకు పాత నలుపు తెలుపు విదేశీ రాకాసి సినిమాల పిచ్చి పట్టింది. సముద్రంలోంచి ఒక బ్రహ్మాండమైన జంతువు లేస్తుంది, వంతెనలు విరిచేస్తుంది, కానీ నడక మాత్రం ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు ఉంటుంది. (చుట్టాలున్న గదిలోకి చాయ్ పట్టుకెళ్లే నా నడక అచ్చం అదే.) బొమ్మను కొంచెం జరిపి ఒక ఫోటో, ఇంకొంచెం జరిపి ఇంకోటి, అలా పన్నెండు తీస్తే ఒక సెకను కదులుతుందని చదివాక, నోరు తెరవనక్కర్లేని ఉద్యోగం ఒకటుందని తేలిపోయి, యానిమేషన్ కోర్సులో చేరతానని బాపుకు చీటీ రాసి ఇచ్చాను. పాల వ్యాపారం చేసే బాపు దాన్ని రెండుసార్లు చదివాడు. "మన్ను పిసుకుడుకు ఫీజు కట్టాల్నా బిడ్డా?" అన్నాడు. దగ్గర్లోని కాలేజీలో చిన్న సినిమాల పోటీ ఉందని తెలిశాక ఒప్పందం కుదిరింది. "జనం చప్పట్లు కొడితే చేరు. కొట్టకుంటే బీకాం. మళ్ల లొల్లి పెట్టొద్దు." (నేను లొల్లి పెట్టినా చీటీ మీదే.)

దబీర్‌పురాలో మా ఇంటి వెనుక గేదెల కొట్టంలో వెలుతురు బాగుంటుంది. అక్కడ బల్ల వేసి, మందుల డబ్బాలతో నగరం కట్టి, తీగ మీద బంకమట్టి మెత్తి రాకాసిని నిలబెట్టి, ఫోన్‌ను ఇటుకల మధ్య బిగించాను. పక్క పట్టాల మీద రైలు వెళ్లినప్పుడల్లా రాకాసి బోర్లా పడేది. "నీ తొండ తోక జరపనీకి గంట కూసుంటవ్. బర్రెకింత గడ్డెయ్యనీకి చేతులు రావు," అనేది అమ్మ. తొమ్మిది రోజుల్లో నలభై సెకన్ల సినిమా తయారైంది. అందులో ఎనిమిదో రోజు పెద్ద బర్రె ఈనింది. డైరీలో 'షూటింగుకు అంతరాయం' అని రాసుకున్నాను తప్ప ఇంకేమీ తట్టలేదు. గేదెల మధ్య పెరిగినదాన్ని, ఇంటి గోడను గమనించనట్టే వాటినీ గమనించను.

ఫోన్‌లో చూసుకున్నప్పుడు నా కళ్లన్నీ రాకాసి మీదే. పోటీ రోజు గోడంత తెర మీద చూస్తే, దాని వెనుక గుంజకు కట్టేసిన మా పెద్ద బర్రె. నిమిషానికొకటి చొప్పున తీసిన ఫోటోలు కదా, దానికి పూనకం వచ్చినట్టుంది. చెవులు టపటపా కొట్టుకుంటున్నాయి, తోక మాయమై ప్రత్యక్షమవుతోంది, అర సెకనులో కూర్చుని లేచింది, మా అమ్మ చెంబుతో మెరుపులా వచ్చి పోయింది. నా రాకాసి మాత్రం బియ్యపు గింజంత బియ్యపు గింజంత జరుగుతోంది. చివరికి అది నగరం మీదికి కాలెత్తింది. సరిగ్గా అప్పుడే, వెనుక ఖాళీ చోట ఒక దూడ ప్రత్యక్షమైంది.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను కుర్చీ కింద చెప్పు వెతుకుతున్నట్టు నటించాను. ముఖ్య అతిథి (పేరుకు ముందు మూడు బిరుదులు) మైకు అందుకుని, "వినాశనానికి ఎదురుగా సృష్టిని నిలబెట్టిందీ అమ్మాయి. ఆ గేదె గేదె కాదు," అన్నారు. పక్క కుర్చీలో బాపు కదిలాడు. "బర్రె కాకుంటే ఏంది? పూటకు ఆరు లీటర్లిస్తది," అన్నాడు మూడు వరసలకు వినపడేలా.

తిరుగు దారిలో, బండి మీద చీటీ రాసే వీలు లేక, బీకాం కళ్ల ముందు మెదులుతుండగా నోటితోనే చెప్పేశాను. "బాపూ, చప్పట్లు నాకు కాదు. బర్రెకు."

"నాకెర్కలేదా? నీ తొండను ఎవ్వడు సూడలే." కాస్త దూరం పోయాక మళ్లీ అన్నాడు. "గని బర్రెను గట్ల ఆడించినోన్ని నేనైతె సూడలే. ఫీజు కడ్త, ఫికర్ జెయ్యకు."

ఇప్పుడు ఒక స్టూడియోలో బొమ్మలు జరపడమే నా పని. నోరు తెరవనక్కర్లేదన్న ఆశ మాత్రం ఫలించలేదు, రోజుకు నాలుగు మీటింగులు. నా రాకాసుల తోకలు భలే కదులుతాయని, ఏ సినిమా చూసి నేర్చుకున్నావని అక్కడ అడుగుతారు. ఫోన్ తీసి ఆ నలభై సెకన్లు చూపిస్తాను, మా బర్రె తోక మీద వేలు పెట్టి. కొట్టంలో ఇటుకల ముందు వంగి కూర్చున్న ఆ పిల్ల ఎదురైతే, ఒక్కసారి లేచి బొమ్మ వెనక్కి వెళ్లి, ఆ తోకకు ఇంకో కట్ట గడ్డి వేయమని చెప్పాలనిపిస్తుంది.