అభ్యంతరం ఉందన్నాను

మా చెల్లి పెళ్లి మండవల్లి దగ్గర, మా సంఘం మందిరంలోనే జరిగింది. అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రార్థన చేసి, ఉంగరాలు మార్పించి, మా ఇంటి వేదగ్రంథం అట్ట లోపల ఇద్దరి పేర్లూ రాసి సంతకం పెట్టారు. మా దగ్గర పెళ్లికి అదే రుజువు. పెళ్లిళ్లు జరిపించడానికి అయ్యగారికి ప్రభుత్వ లైసెన్సు తెచ్చుకుందామని అంతకు ముందు ఒక పెద్దాయన అంటే, ఆయన నోరు మూయించింది నేనే. "దేవుడు కలిపినదానికి కలెక్టరు సంతకం కావాలటండీ?" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

పదేళ్ల తర్వాత చెల్లి భర్త తాడేపల్లిగూడెంలో ఇంకొకామెను రిజిస్టరు పెళ్లి చేసుకున్నాడు. తనకు ఇంతకు ముందు పెళ్లి కాలేదని దరఖాస్తులో రాశాడు. చెల్లి వెళ్లి నిలదీస్తే నవ్వాడట. "మనకి పెళ్లెప్పుడయ్యిందే? కాగితం చూపించు."

వేదగ్రంథాన్ని గుడ్డలో చుట్టుకుని ఇద్దరం ఏలూరు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాం. గుమస్తా అమ్మాయి మర్యాదగానే అట్ట తెరిచి చూసింది.

"ఏవండీ, ఇది దేవుడి పుస్తకమండి. మా పుస్తకంలో ఉండాలి కదండీ. మీ పాస్టరుగారికి లైసెన్సుందాండీ?"

లేదన్నాను. చెల్లి గ్రంథం తీసుకుని మళ్లీ గుడ్డలో చుట్టింది.

పెళ్లి జరిపించినాయన కోర్టుకొచ్చి చెబితే పోరాడవచ్చునన్నాడు లాయరు. లైసెన్సు లేకుండా పెళ్లి జరిపించడం నేరం కనుక అయ్యగారు భయపడ్డారు. చెల్లి పెళ్లిలో కడుపు నిండా బిర్యానీ తిన్నవాళ్లంతా ఆయన వెనకే నిలబడ్డారు. "మన సంగతులు కోర్టులో ఎందుకండీ, ప్రార్థన చేద్దాం" అన్నారు. ఎనిమిది నెలలు ప్రార్థన చేశారు. సాక్ష్యానికి ఒక్కరూ ఏలూరు బస్సెక్కలేదు.

ప్రభుత్వం మీద నాకు కోపం. ఆశీర్వదించడానికి దాని అనుమతి దేనికి? ఇద్దరూ ఒప్పుకున్నారా, ఎవరికైనా ఇదివరకే పెళ్లయిందా అని చూసి రాసుకోవాలి. ఎవరు ఆశీర్వదించారన్నది దానికి అనవసరం. అయితే ఆ రాసుకునే పని మాత్రం అది తప్పకుండా చెయ్యాలి. ఈ రెండో మాట నాకు చెల్లి ఇల్లు కూలాక తెలిసింది. అందుకే నా మీద నాకు ఇంకా ఎక్కువ కోపం.

మొన్న వేసవిలో మందిరంలో ఇంకో పెళ్లి. దీనికి అడ్డేమైనా ఉంటే చెప్పమని అయ్యగారు ఆనవాయితీగా అడిగారు. మా మందిరంలో ఆ ప్రశ్నకు ఎవరూ ఎన్నడూ జవాబు చెప్పలేదు. నేను లేచాను.

"ఉందండి. ముందు ఈ పెళ్లి ఆఫీసులో రాయించండి. ప్రార్థన తర్వాత."

పెళ్లికూతురి తండ్రి అరిచాడు. "సంఘ పెద్దవై ఉండి పొద్దున్నే తాగొచ్చావా ఏంటయ్యా?"

"పెళ్లిలో గొడవేంటండీ, కూర్చోండి" అని ఎవరో నా చొక్కా పట్టి లాగారు.

అయ్యగారు దిగివచ్చి నా చెవిలో అన్నారు: "కూర్చోండి బాబూ. ఈ పెళ్లి కానివ్వండి. మీ చెల్లిగారి కేసులో సాక్ష్యం చెబుతాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది నెలలు భయమని చెప్పి దాచుకున్న సాక్ష్యాన్ని ఇప్పుడు బేరానికి పెట్టారు.

"ఆ మాట అందరికీ వినబడేలా చెప్పండయ్యగారూ."

తల దించుకుని చెప్పారు. అయినా నేను కూర్చోలేదు.

పెళ్లికూతురు ముసుగు వెనక్కి తీసింది. "మావయ్యగారూ, ఏం కాగితాలు కావాలండీ?"

నాకు తెలియదు. ఆడవాళ్ల వైపు చివరి వరసలోంచి మా చెల్లి లేచింది.

"ఇద్దరి ఆధారు కార్డులూ, వయసు రుజువూ, ఫొటోలూ. ముగ్గురు సాక్షులమ్మా. పిలిస్తే వచ్చేవాళ్లని చూసుకో."

ఆ రోజు పెళ్లి జరగలేదు. సోమవారం అయ్యగారు మాతో ఏలూరు వచ్చి లాయరు ముందు కూర్చుని, చెల్లి పెళ్లి తానే జరిపించానని చెప్పి సంతకం పెట్టారు. బస్సులో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆయన నాకు దూరంగా ముందు సీట్లో కూర్చున్నారు.