కర్రోడి పళ్లెం

సంగటి అడుగంటి మాడిన వాసన మదనపల్లెలో మా వంటింట్లోంచి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూంటుంది. అది నా చేతి పనితనం, దాచేదేముంది? మా ఆయన కిటికీ తెరుస్తాడు, మా పాప ముక్కు మూసుకుంటుంది, నాకు మాత్రం ఆకలీ కోపమూ జంటగా వస్తాయి. పుంగనూరులో మా అవ్వ కుండ అడుగు గీకి తీసిన ఆ మాడుచెక్క, మజ్జిగలో నానబెట్టి, అంచు వంగిన సత్తు పళ్లెంలో వేస్తే, అది కర్రోడి వాటా.

కర్రోడు మా నల్ల కుక్క. తొంభైల చివర్లో మా చిన్నాయన గుడుపల్లె నుంచి గోనెసంచిలో వేసుకుని బస్సులో తెచ్చాడు. సంచి దారి పొడుగునా కుయ్యోమంటుంటే కండక్టరు దానికీ టికెట్ అడిగాడట. అప్పుడు నేనింకా బడికి పోయే పిల్లను, బడిని అప్పుడప్పుడు తప్పించుకునేదాన్ని కూడా. పెరట్లో మునగచెట్టు, దాని కింద చిన్నాయన మార్కెట్టుకు తోలే టమాటా పెట్టెలు, వానాకాలం పోతూ పోతూ ఉడకబెట్టిన శెనక్కాయల ఆవిరి, గచ్చు మీద మా అచ్చనగాయలాట, గాల్లోకి ఎగరేసిన రాయి కిందికి రాకముందే దాన్ని నోట కరుచుకుని పరుగెత్తే కర్రోడు. వాడి వెంట పడి నవ్వలేక కూలబడడమే ఆటలో సగం.

మా వైపు కాపలా కుక్కకు రోషం రావాలంటే తినేటప్పుడు పళ్లెం లాగాలని ఒక శాస్త్రం ఉంది. దాన్ని ఎవడు చెప్పాడో తెలియదు, చెప్పినవాడి చేతికి వేళ్లెన్ని మిగిలాయో అదీ తెలియదు. చిన్నాయన దాన్ని నియమంగా పాటించాడు. కర్రోడు మూతి పెట్టగానే కాలితో పళ్లెం లాగేవాడు, వాడు తల ఎత్తగానే ముందుకు తోసేవాడు, మళ్లీ లాగేవాడు. పిల్లగా ఉన్నప్పుడు వాడు తోకాడిస్తూ పళ్లెం వెంట వచ్చాడు. కాళ్లు పొడుగై, గొంతు మారి, మనుషుల్లో అయితే మీసాలు మొలిచే ఈడుకు వచ్చేసరికి, పళ్లెం మీద ఒళ్లంతా వాల్చి, కళ్లు పైకి తిప్పి గుర్రుమనడం నేర్చాడు.

"సూడండప్పా, రోషం ఎట్లొస్తాండాదో!" అని చిన్నాయన వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

"యాల్రా దాన్ని ఏడిపిస్తావు? నీ అన్నం తట్ట ఎవరైనా ఇట్లా లాగితే ఊరకుంటావా?" అనేది అవ్వ.

"నీకు తెల్దులేమ్మా."

తెలిసినవాడు చేసిన ఘనకార్యం ఏమిటంటే, కర్రోడు పళ్లేనికే కాక పాత చెప్పుకూ, చీపురుపుల్లకూ, ఎండలో తాను పడుకున్న చోటుకూ కూడా కాపలా కాయడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున, ఖాళీ అయిందనుకుని పళ్లెం కడగడానికి వంగిన అవ్వ చేతిని కరిచాడు. పెద్దాసుపత్రిలో అవ్వకు సూదులు వేశారు, ఇంట్లో కర్రోడికి కట్టె దెబ్బలు పడ్డాయి. గుర్రుమంటే చప్పట్లు కొట్టిన చేతులే, కరిస్తే కట్టె పట్టుకున్నాయి. నాకు ఒళ్లు మండింది, ఇప్పుడు రాస్తున్నా మండుతోంది.

"కట్టె ఈడ పారేయ్‌రా. దాన్ని కాదు, నిన్ను నువ్వు కొట్టుకో," అంది అవ్వ, కట్టు కట్టిన చెయ్యి ఎత్తి.

ఇంకొకసారి కరిస్తే టమాటా వ్యాన్లో ఎక్కించి కుప్పం అవతల వదిలేస్తానని చిన్నాయన తేల్చి చెప్పాడు. ఆ రోజు నుంచి వాడు మా ఇంట్లో ఉండడమా పోవడమా అన్నది మా ఇద్దరి పని, అవ్వదీ నాదీ. తినేటప్పుడు పళ్లెం జోలికి ఎవరమూ పోలేదు. నేను దూరంగా నిలబడి ఎండుచేప ముక్క పళ్లెంలోకి విసిరి వెనక్కి వచ్చేసేదాన్ని. గుర్రుమంటే మరుసటి రోజు ఇంకాస్త దూరం నుంచి, మెత్తబడితే ఇంకాస్త దగ్గర నుంచి. చెప్పు ఎత్తుకుపోతే తరమడం మానేసి, బెల్లం ముక్క చూపించి బేరం పెట్టాను. నా జీవితంలో మొదటి వ్యాపారం అది, నష్టమంతా బెల్లం డబ్బాకే. గంగమ్మ జాతర వచ్చేసరికి, నేను పళ్లెం దగ్గరికి నడిస్తే ఏం తెస్తున్నానోనని తోక ఊపే స్థితికి వచ్చాడు.

"సూస్తివా పాపా, నువ్వు లాక్కోవని తెలిసిపోయింది దానికి," అంది అవ్వ.

జాతరకు పొట్టేలు కోశారు. పెరడంతా మసాలా వాసన, చుట్టాలు, చిన్నాయన మార్కెట్టు స్నేహితులు. అవ్వ పెట్టిన ఎముకలను కర్రోడు తన మూలలో, ఎవరి జోలికీ పోకుండా నములుతున్నాడు. చిన్నాయన లేచాడు.

"మా వాని రోషం సూస్తారాప్పా?"

"వద్దు చిన్నాయనా, తింటాండాడు!" అని నేను అరిచాను.

"పోమే, పెద్ద డాక్టరమ్మ!"

అందరూ నవ్వారు. ఆయన పళ్లెం లాగాడు. కర్రోడు మొదట గుర్రుమన్నాడు, అంటే వద్దని చెప్పాడు. ఆయన మళ్లీ లాగాడు. వాడు ఆయన పిక్క కరిచి పట్టుకున్నాడు.

సాయంత్రానికి కర్రోడిని వ్యాన్లో ఖాళీ పెట్టెల మధ్య కట్టేశారు. నేను టైరుకు అడ్డంగా కూర్చుంటే రెక్క పట్టి లేపారు. "కుక్కే కదమే," అన్నారు ఒకరి తర్వాత ఒకరు, పొట్టేలు కూర వేలికి అంటుకుని ఉండగానే. వాడు కుప్పం అవతల ఏ సందులో దిగాడో, ఎవరి ఎంగిలాకు దగ్గర ఏం దెబ్బలు తిన్నాడో నాకు తెలియదు. అవ్వ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. చిన్నాయన మాత్రం కట్టు కట్టిన కాలు చాపుకుని రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇప్పుడు అవ్వ లేదు. మునగచెట్టు ఉన్నచోట అద్దె గదులు లేచాయి, అచ్చనగాయలంటే మా పాపకు ఏమిటో తెలియదు. పోనిది చిన్నాయన చేతి అలవాటు ఒక్కటే. మొన్న ఆయన మనవరాలి ఓణీల పండగలో, భోజనాల బంతిలో మా పాప చివరికని దాచుకున్న వడను ఆకులోంచి ఎత్తి పైకి పట్టుకున్నాడు. అది ఏడుపు మొహం పెట్టింది, బంతి బంతంతా నవ్వింది. ఏ ఫంక్షన్‌లోనైనా అందరినీ నవ్వించేది నేనే. ఆ రోజు లేచి వెళ్లి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఏం మే, తమాషాకు కదా!"

"తినేవాళ్ల దగ్గర తమాషా వద్దు చిన్నాయనా. వడ ఆడ పెట్టు."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన పెట్టాడు. మా పాప ఆకును దగ్గరికి లాక్కుని, ఆయన మీది నుంచి చూపు తిప్పకుండా తినింది. నేను పక్కనే నిలబడ్డాను, అది తినడం అయ్యేదాకా.