మూత లోపలి పసుపు బొట్టు

మొన్న మా ఫ్యాక్టరీలో రెండు రోజులు వెతికి దొంగని పట్టుకున్నాను. దొంగ ఎవరో వింటే మీరు నవ్వుతారు, అయినా చెప్తాను.

విజయనగరం దగ్గర మా కంపెనీ లేజర్లు తయారు చేస్తుంది. నేను సీనియర్ ప్రాసెస్ ఇంజనీర్ని, అంటే దుమ్ము మీద యుద్ధం చేసి జీతం తీసుకునేవాణ్ణి. క్లీన్‌రూమ్‌లోకి పౌడరు, బొట్టు, కాటుక రాకూడదని రూలు రాసింది నేనే. మా టెక్నీషియన్ నారాయణమ్మని పోయిన నెల గుమ్మంలోంచే వెనక్కి పంపి మొహం కడిగించాను కూడా.

ఈ మధ్య కొత్త టెస్టర్ వచ్చింది. నల్లటి డబ్బా. అందులో మా నీలం లేజర్ వెలిగించి మూత వేస్తాం. నీలం కాక ఇంకో రంగు ఏమాత్రం కనబడినా ఆ పీసు ఫెయిల్. ఈ సంగతి చెప్పగానే శృంగవరపుకోట నుంచి మా అమ్మ ఫోన్లో, "ఒరే, కొత్త మెషీనుకి పసుపు బొట్టెట్టకుండా స్విచ్చెయ్యకు" అంది. బయట పెడితే అందరూ చూస్తారు. అందుకని ఎవరూ లేనప్పుడు మూత లోపల చిన్న బొట్టు పెట్టేశాను. రూలు రాసినవాడికి సందులు తెలియవా?

మర్నాటి నుంచి పెట్టిన ప్రతి పీసూ ఫెయిలే. గురువారం కస్టమర్ వస్తున్నాడు. అప్పటికి పాస్ కాకపోతే ఆర్డర్ పోతుంది, మా లైన్ మూసేస్తారు. నాకు నిజంగా భయం వేసింది. జిగురు మార్చాను, లెన్సులు మార్చాను, టెస్టర్ అమ్మినవాళ్లని ఫోన్లో కడిగేశాను.

బుధవారం నారాయణమ్మ అంది, "టెస్టర్తో పాటు ఆళ్లిచ్చిన మంచి పీసు ఉన్నాది గదా సార్, అదెట్టి ఓపాలి సూడండి."

అదీ ఫెయిల్! అంటే తప్పు పీసుల్లో లేదు, డబ్బాలోనే ఉంది. దొరికిందిరా దొంగ అనుకుంటూ, జిగురు మరకలు వెతికే యూవీ టార్చి మూతలోకి కొట్టాను. గుండ్రంగా, పచ్చగా మెరిసింది.

"ఏటి సార్ ఇది? బొట్టులాగున్నాది."

యూవీ పడినా, మా నీలం లేజర్ పడినా పసుపు ఇలాగే మెరుస్తుందని కాలేజీలో చదువుకున్నవాణ్ణే. మాస్కు పైనుంచి ఆవిడ కళ్లు నా మీదే ఉన్నాయి.

"మీరే ఎట్టినారా?"

"అమ్మ పెట్టమంది."

"నా పౌడరు మాత్రం కడిగించీసినారు."

సిగ్గుపడుతూ నేనే తుడిచాను. ఆ తర్వాత పెట్టిన పీసులన్నీ పాస్. గురువారం కస్టమర్ వచ్చి, "ఈ టెస్టర్ చిన్న తేడా కూడా పట్టుకుంటుందని నమ్మకమేంటి?" అన్నాడు.

"పసుపు చుక్క పెట్టి చూశామండీ. వెంటనే పట్టేసింది" అన్నాను, తడుముకోకుండా. వెనక నారాయణమ్మకి దగ్గు వచ్చింది. ఆయన మాత్రం ముచ్చటపడిపోయి ఆర్డర్ ఖాయం చేశాడు. రోజూ పని మొదలెట్టే ముందు అదే పరీక్ష చేయమని షరతు కూడా పెట్టాడు.

ఇప్పుడా పరీక్ష కోసం కొత్త పసుపు చుక్క ఒకటి రెండు గాజు ముక్కల మధ్య సీలు వేసి ఉంది. దాని మీద 'సార్ బొట్టు' అని నారాయణమ్మ లేబుల్ రాసింది.

నిన్న అమ్మ మళ్లీ అడిగింది, "మెషీనుకి బొట్టెట్టావా నేదా?"

"రోజూ పెడతన్నామమ్మా. రిజిస్టర్లో సంతకం కూడా పెడతన్నాం."